మున్సిఫ్ కోర్టులో మన మాట

హైకోర్టులో ఇంగ్లీషే ఉండాలా, తమిళం కూడా రావాలా అని పెద్దలు వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. మన రైతు గడప తొక్కేది మున్సిఫ్ కోర్టు. అతని చేను నిలిచేదీ, పోయేదీ అక్కడే.

నేను వకీలును కాను. బి.కాం. చదివి ముప్ఫయ్యేళ్ళుగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్నవాణ్ణి. బాకీ దావాల్లో లెడ్జరు నకళ్ళు పట్టుకుని సాక్ష్యానికి వెళ్ళడం మా ఉద్యోగంలో భాగం. అలా తమిళనాడు సరిహద్దు తాలూకాలోని ఒక కోర్టులో నా వంతు కోసం కూర్చున్న రోజున, ఒక పెద్దావిడ బోనెక్కింది. "సేద్యం చేసుకోమని మా మరిదికి చేను విడిచినాను" అన్నది. బెంచి గుమాస్తా దాన్ని తమిళంలో "విట్టుక్కొడుత్తేన్" అని అందించాడు. అంటే హక్కు వదులుకున్నానని! అదే రికార్డయింది. చదివి వినిపిస్తే తలూపి వేలిముద్ర వేసింది. ఆమె వకీలు వేరే కట్ట తిరగేస్తున్నాడు. నా కేసు కాదు గదా అని నేనూ నోరు మూసుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

"పై కోర్టుకు పోవచ్చు గదా" అంటారు. పోవచ్చు. కాని అప్పీలు కోర్టు చూసేది ఆ రికార్డునే. రెండో అప్పీలుకు హైకోర్టుకు వెళితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం గట్టి న్యాయప్రశ్న ఉంటేనే వింటారు. ఆవిడ నిజంగా ఏమన్నదో ఎవరూ మళ్ళీ అడగరు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ప్రారంభ నిల్వే తప్పు పడింది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కూడినా తేలేది తప్పే.

ఇంత అధికారం ఉన్న మున్సిఫ్‌ను ఎలా వేస్తారు? రాజ్యాంగం 234వ అధికరణం ప్రకారం సర్వీస్ కమిషన్‌నూ హైకోర్టునూ సంప్రదించి చేసిన నియమాలను బట్టి గవర్నరు నియమిస్తారు. తమిళనాడులో అభ్యర్థికి తమిళం రావాలి. న్యాయమే. వకీలుగా మూడేళ్ళ అనుభవం ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదీ మంచిదే. అయితే ఆయన వెళ్ళే తాలూకాలో జనం ఏ భాష మాట్లాడతారన్నది ఎవరికి పట్టింది?

"ఈ రాష్ట్రంలో ఉంటూ ఈ భాష నేర్చుకోరా?" అనేవాళ్ళున్నారు. నేర్చుకున్నాం. మన పిల్లలు తమిళంలో పరీక్షలు రాస్తున్నారు. కోర్టు భాషను మార్చమని నేను అడగడంలేదు. డెబ్బయ్యేళ్ళ ముసలమ్మను బోనులో నిలబెట్టి భాషా పరీక్ష పెట్టవద్దంటున్నాను. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది. ఆ యానాం కూడా మద్రాసు హైకోర్టు పరిధిలోనిదే! బళ్ళారిలో, బరంపురంలో ఉన్న మిత్రులకూ నా మాట కొత్తగా ఉండదు. అక్కడ కన్నడం, ఒడియా. అంతే తేడా.

మనం అడగవలసినవి రెండే. 235వ అధికరణం ప్రకారం మున్సిఫ్‌ల పోస్టింగు హైకోర్టు చేతిలో ఉంది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న తాలూకాలకు వీలైనంతవరకు తెలుగు తెలిసినవారిని పంపాలి. అది కుదరనప్పుడు అర్హతగల దుబాసీని ఇవ్వాలి. దొరికిన గుమాస్తాతో సరిపెట్టకూడదు.

ఈలోగా వకీళ్ళు చేయగలిగింది కూడా ఉంది. క్రిమినల్ కేసుల్లో, సాక్షి వేరే భాషలో చెబితే వీలైనచోట ఆ భాషలోనే రాసుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 312వ సెక్షన్ అంటోంది. సివిల్ దావాలో ఆర్డర్ 18, రూలు 10 కింద కీలకమైన ప్రశ్ననూ జవాబునూ ప్రత్యేకంగా రాసుకోమని కోరవచ్చు. చట్టంలో తలుపు ఉంది. తట్టే చెయ్యి ఏదీ?

మన సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనాలు పెడతాయి, శాలువాలు కప్పుతాయి. కప్పండి, కాదనను. ఆ ఖర్చులో ఒక రిజిస్టర్డు పోస్టుకు సరిపడా మిగిల్చి, హైకోర్టు రిజిస్ట్రారుకు ఈ రెండు కోరికలతో ఒక అర్జీ పంపండి. తెలుగు బతకాలని వేదికల మీద అంటున్నాం. ముందు తెలుగులో చెప్పిన సాక్ష్యం బతకాలి.