పండినదాంట్లో నేలకూ ఒక పాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత రైతులకు, గుత్తదారులకు, గొర్రెల కాపరులకు, పంచాయతీ పెద్దలకు విన్నపం



మన సేద్యంలో అందరి పాలూ లెక్క ప్రకారం పోతుంది. ఆసామికి గుత్త, అప్పిచ్చినవాడికి వడ్డీ, కోత కోసినవాళ్లకు కూలి, ఎద్దుకు మేత. పండించిన నేలకు మాత్రం ఏమీ మిగలడం లేదు. ఈ కరపత్రం అడిగేది ఒక్కటే: ఏటా పండినదాంట్లో ఒక పాలు నేలకు వదలాలి. అది ఎవరి దయ మీదా ఆధారపడకుండా ఊరి కట్టుబాటుగా, సర్కారు పద్దులో ఖర్చుగా సాగాలి.

నేల ఎట్లా వట్టిపోయింది?

సజ్జ కోసినా, జొన్న కోసినా మోడూ వేరూ చేనులోనే ఉంటాయి. శెనక్కాయను వేళ్లతో సహా పెరుకుతాం. కాయ అంగడికి, కట్టె వామికి, పొట్టు బాయిలర్లకూ బట్టీలకూ పోతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు పైగా ఏటా ఇదే పంట వేశాం. ఆ చెట్టు గాలిలోని నత్రజనిని పట్టేమాట నిజమే. కానీ చెట్టంతా ఇంటికి చేరాక అందులో నేలకు దక్కేది కొంచెమే.

పూర్వం ఆ కట్టె ఎద్దు కడుపున పడి, పెంటగా దిబ్బకెక్కి, ఎండాకాలం బండ్ల మీద మళ్లీ చేనికే వచ్చేది. ట్రాక్టరు వచ్చాక కాడెద్దులు తగ్గాయి, దిబ్బలూ తగ్గాయి. ఉన్న కాస్త ఎరువూ లోడ్ల లెక్కన తోటలకు అమ్ముడుపోతోంది. మెట్టచేనికి మిగిలింది మూటల్లో కొనే రసాయన ఎరువు ఒక్కటే.

మట్టి పరీక్ష పత్రంలో 'సేంద్రియ కర్బనం' అనే గడి ఉంటుంది. అక్కడ 0.5 శాతం కన్నా తక్కువుంటే నేల బీద, 0.75 దాటితే బలమైన నేల అని లెక్క. మన ఎర్ర నేలలు చాలావరకు బీద వరుసలోనే ఉన్నాయి. దాని ఫలితం వానొచ్చిన రోజు కంటికే కనబడుతుంది. మనకు ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నాలుగు దెబ్బల్లో. కర్బనం లేని ఎర్ర మట్టి వాన పడగానే పైన పొర కట్టి బిగుసుకుంటుంది. నీరు లోపలికి దిగకుండా మెత్తటి మట్టిని కలుపుకొని వంకలో పడుతుంది. పది రోజులు బెట్ట వచ్చిందంటే పైరు వాడుతుంది. వాన చాలదని దేవుణ్ణి తిట్టుకుంటాం గానీ, పడిన వానను పట్టి ఉంచే బలం నేలకు లేకుండా చేసింది మన సేద్యమే.

ఇది వట్టి మాట కాదు

అనంతపురం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే 1985 నుంచి ఇరవై ఏళ్లు వానాధార వేరుశనగ మీద ప్రయోగం నడిపారు. కొన్ని మళ్లకు ఏమీ వేయలేదు, కొన్నిటికి రసాయన ఎరువు మాత్రమే, మరికొన్నిటికి సగం రసాయన ఎరువుతో పాటు హెక్టారుకు 4 టన్నుల శెనక్కాయ పొట్టో పశువుల ఎరువో వేశారు. ఇట్లా రెండూ కలిపి వేసిన మళ్లలోనే కర్బనం బాగా నిలిచింది. ఉన్న కర్బనం తరగకుండా ఉండాలన్నా ఏటా హెక్టారుకు 1.12 టన్నుల కర్బనం, అంటే ఎకరాకు సుమారు 450 కిలోలు, నేలలో పడాలని తేల్చారు. మనం బట్టీలకు పంపుతున్న పొట్టే అక్కడ ఎరువుగా పనిచేసింది.

లెక్క దాచకుండా చెప్పుకుందాం. ఒక ఎకరాలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. వేసినదాంట్లో ఎక్కువ భాగం మన ఎండలకు కొద్ది కాలంలోనే కరిగి గాలిలో కలిసిపోతుంది. అందుకే ఒక ఏడు తోలి మరుసటేడు మానేస్తే ఫలితం ఉండదు. ఒక్క సీజన్లో నేలను మార్చేస్తామని డబ్బా చూపించి అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. ఇది ఏటా చేయాల్సిన పని.

ఎరువు ఎక్కడుంది?

మందలో ఉంది. గొర్రెలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మనదొకటి. పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే గొర్రెల ఎరువులో దాదాపు 3 శాతం ఉంటుంది. ఏ చేనిలో ఏ రాత్రి మంద కట్టాలో, కాపరికి ఎంత ముట్టాలో ఊరే వేసవికి ముందు వరుస వేయాలి.

విత్తనంలో ఉంది. తొలకరికి ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లే పద్ధతిని సర్కారు రైతు సాధికార సంస్థ తన ప్రకృతి సేద్య కార్యక్రమం కింద మన జిల్లాల్లో చేయించింది. అలసంద, పెసర, ఉలవ, కొర్ర, జనుము, ఆముదం కలిసి ఏ చిన్న వానకైనా మొలుస్తాయి. అసలు పంట వేసేలోపు నేల మీద పచ్చదనం ఉంటుంది, వేరు లోపలే మురుగుతుంది. ఈ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. పరాయి దేశం మెచ్చిన పని మన చేలల్లో సగంలోనైనా కనబడాలి కదా.

గెనిమ మీద ఉంది. కానుగ, గిరిపుష్పం కొమ్మలు నరికి చేనిలో పరిస్తే అదే పచ్చిరొట్ట. గిరిపుష్పం కొమ్మ నాటినా బతుకుతుంది.

చెరువులో ఉంది. మన చేల నుంచి కొట్టుకుపోయిన మెత్తటి మట్టే అక్కడ పూడికగా పేరుకుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో రైతులు పూడిక మట్టిని సొంత ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ నీళ్లు వస్తున్నాయి కాబట్టి, చెరువు నిండకముందే తవ్వాలి. తోలే ముందు చౌడు ఉందేమో పరీక్ష చేయించాలి.

రేష్మి షెడ్డులో, సంతలో ఉంది. మల్బరీ పుల్లలు, పురుగుల పెంట గుంతలో బాగా మాగితేనే చేనికి తోలాలి. పచ్చిగా తోలితే రోగాలు తోటకు తిరిగి వస్తాయి. హిందూపురం, ధర్మవరం మార్కెట్లలో పారేసే కూరగాయలూ ఆకులూ ప్లాస్టిక్‌తో కలవకముందే వేరు చేస్తే, చుట్టుపక్కల ఊళ్లకు కంపోస్టు అవుతాయి.

ఇట్లా బతికిన ఊళ్లు దూరాన లేవు. ధర్మవరం, పెనుకొండల నడుమ చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బంజరు నేల మీద టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలైంది. దాని తోడుతో 2008లో రైతులు ధరణి సహకార సంఘం పెట్టుకున్నారు. చిరుధాన్యాలు, పప్పులు రసాయనాలు లేకుండా పండించి తామే శుద్ధి చేసి అమ్ముకుంటున్నారు. కొనేవాడు ఉన్నాడన్న ధైర్యం ఉంటేనే రైతు శెనక్కాయ పక్కన కొర్ర, కంది వేస్తాడు.

గుత్తదారు మాట

"పై ఏడు ఈ చేను నాదో కాదో, నేనెందుకు ఎరువు తోలాలి?" అని గుత్తకు చేసేవాళ్లు అడుగుతారు. వాళ్ల మాటలో న్యాయముంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం గడువు 11 నెలలు. నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆసామి, గుత్తదారు కనీసం ఐదేళ్లకు రాసుకోవాలి. మంద కట్టించిన ఏడు, చెరువు మట్టి తోలిన ఏడు గుత్తలో కొంత తగ్గించాలి. బాగుపడేది ఆసామి ఆస్తే.

ప్రభుత్వాన్ని మేం కోరేది

1. చెరువు పూడిక, కంపోస్టు గుంతలు, గెనిమల మీద చెట్ల పెంపకం ఉపాధి పనుల్లో ముందు వరుసలో ఉండాలి. మట్టి రవాణాకు చిన్న రైతుకు సాయం ఇవ్వాలి.

2. నవధాన్యాల విత్తనం ఏప్రిల్ ఆఖరుకే రైతు సేవా కేంద్రానికి చేరాలి. వానొచ్చాక వచ్చే విత్తనం వల్ల ఉపయోగం లేదు.

3. ఎంపిక చేసిన చేలలో మూడేళ్లకోసారి అదే చోట మట్టి తీసి, కర్బనం పెరిగిందో తగ్గిందో గ్రామసభలో చదివి వినిపించాలి.

4. మూట ఎరువుకు ఇచ్చే రాయితీలాగే, మంద కట్టించినవాళ్లకూ పచ్చిరొట్ట వేసినవాళ్లకూ ఎకరా లెక్కన సాయం అందాలి.

5. సాగుదారు పత్రం గడువు ఐదేళ్లకు పెంచాలి.

ఊరు చేయాల్సింది

మూట ఎరువు రేపే మానేయమని ఎవరినీ అడగడం లేదు. ఉన్నదాంట్లో ఒక ఎకరా ఎంచుకోండి. కంది మోళ్లు, టమాట తీగలు, ఆకు అలములు అందులో కాల్చొద్దు. రోటవేటరుతో పదే పదే దున్నొద్దు. ఆ ఎకరాకు మంద కట్టించండి, నవధాన్యాలు చల్లండి. పక్క ఎకరాతో పోల్చి మూడేళ్లు చూడండి.

అక్టోబరు 2 గ్రామసభలో వచ్చే ఏడు ఉపాధి పనులు రాసుకుంటారు. ఆ సభకు ఇంటికొకరు రండి. చెరువు పూడిక, కంపోస్టు గుంతలు, మంద వరుస, ఈ మూడింటినీ తీర్మానంలో రాయించి సంతకాలు పెట్టండి. తీర్మానం నకలు మండల వ్యవసాయాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇట్లు,
నేల పాలు నేలకు ఇద్దామనే తోటి రైతులు