పరిశోధన యెవరి కొఱకు?

మన సాంకేతిక కళాశాలలలో పరిశోధన యను మాట యిటీవల మిక్కిలిగా వినవచ్చుచున్నది. ప్రవేశద్వారమున కట్టిన బ్యానరులమీదను, విద్యార్థుల తలిదండ్రులకు పంచెడి పుస్తకములలోను, వార్షికోత్సవపు టుపన్యాసములలోను ఈ మాట లేని చోటు లేదు. ఇన్నివందల వ్యాసములను ప్రకటించితిమనియు, ఇన్ని అంతర్జాతీయ సదస్సులను జరిపితిమనియు, ఇందఱు ఉపాధ్యాయులకు డాక్టరు పట్టములు వచ్చెననియు యాజమాన్యములవారు లెక్కలు చెప్పుచున్నారు. ఆ లెక్కలను మేము కాదనము. ఆ వ్యాసములవలన నేమి తెలిసినదని మాత్రమే యడుగుచున్నాము. లెక్కలు చెప్పినంత త్వరగా ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము రాకుండుటను చదువరులు గమనింతురు గాక.

బెజవాడకు పడమటగా, హైదరాబాదు రస్తాపై, కృష్ణ యొడ్డున నున్న ఇబ్రహీంపట్నమునే యిందుకు దృష్టాంతముగా గైకొందము. ఆ యూరి పరిసరములలో ఇంజనీరింగు కళాశాలలు గలవు. ఏ యొక్క కళాశాలనో వేలెత్తి చూపుట మా యభిమతము కాదు; దోషము పద్ధతిలో నున్నది, ఆ పద్ధతి యంతటను ఒక్కటే. ఇబ్రహీంపట్నమునే యేల యెన్నుకొంటిమనగా, శాస్త్రజ్ఞునకు కావలసిన ప్రశ్నలను అచ్చట వెదకి తెచ్చుకొన నక్కఱ లేదు. కళాశాల గోడ దాటిన చాలును, అవి యెదురువచ్చి నిలుచును.

మొదటిది బూడిద. ఆ యూర 1979లో మొదటి యంత్రము తిరిగిన థర్మల్ విద్యుత్కేంద్రము నేడు నార్ల తాతారావు గారి పేర నున్నది. 210 మెగావాట్ల యంత్రము లాఱింటికి 2009లో 500 మెగావాట్ల యంత్రమొకటియు, 2023లో 800 మెగావాట్ల యంత్రమొకటియు చేరినవి. మన దేశపు బొగ్గులో నూటికి 30 మొదలు 45 పాళ్లవఱకు బూడిదయే. పొగలోని బూడిదను విద్యుదాకర్షణచే పట్టి, కొంత సిమెంటు కర్మాగారములకును ఇటుకల తయారీకిని పంపి, మిగిలినదానిని నీటితో కలిపి గొట్టములద్వారా చెఱువులలోనికి వదలుదురు. వేసవిలో ఆ చెఱువు లెండి గాలి లేచెనేని, ఆరవేసిన బట్టలను మరల నుదుకుకొను తల్లుల నడిగిన దాని సంగతి తెలియును. బూడిద నంతయు వినియోగింపవలసిన భారము విద్యుత్కేంద్రములదే యని కేంద్రప్రభుత్వమువారు 2021 డిసెంబరు 31వ తేదీన ప్రకటించిరి. ప్రకటన సులభము, ఎట్లు వినియోగింపవలెనో చెప్పవలసినవారు శాస్త్రజ్ఞులు.

ఆ బూడిద నొక పిడికెడు తెచ్చి ప్రయోగశాల బల్లపై పోసిన నెన్ని శాస్త్రములు దానిచుట్టు కూర్చుండవచ్చునో చూడుడు. అందలి ఆర్సెనిక్కు, క్రోమియము, బోరాను నీటిలో నెంత కరగి బావులలోనికి దిగుచున్నవో రసాయనశాస్త్రము నభ్యసించినవాడు చెప్పవలెను. దానితో చేసిన ఇటుక గోడ నల్లరేగడి నేలపై నెన్నియేండ్లు పగులక నిలుచునో సివిల్ ఇంజనీరు చెప్పవలెను. చెఱువు నీటిపై తేలియాడెడి బోలుగోళములు తేలికయు గట్టియు నగు పదార్థముల కెట్లుపకరించునో మెకానికల్ శాఖవారికి తెలియవలెను. మిక్కిలి సన్నని ధూళిని యంత్రము పట్టజాలక విడిచిపెట్టుట యేలయో విద్యుచ్ఛాఖవారు చూడవలెను. ఒక శాఖవాడు మఱియొక శాఖవాని గుమ్మము త్రొక్కక తీరని పని యిది. మన కళాశాలలలోనో, ఒకే మేడలో నొక అంతస్తువారు వేఱొక అంతస్తువారి పరికరముల పేరైన నెఱుగరు.

రెండవది నీరు. బుడమేరు మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటికి పోవు వాగు. వెలగలేరు వద్ద కట్టిన రెగ్యులేటరునుండి దాని వఱద నొక మళ్లింపు కాలువ ఇబ్రహీంపట్నము వైపునకు తెచ్చి, ప్రకాశం బ్యారేజీకి ఎగువను కృష్ణలో కలుపును. 2015 మొదలు పట్టిసీమనుండి తోడిన గోదావరి జలము సైతము ఈ దారినే కృష్ణను చేరుచున్నది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో నేమి జరిగినదో బెజవాడవారికి మేము చెప్పవలసిన పనిలేదు. సెప్టెంబరు 2వ తేదీన బ్యారేజీవద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రమాణమున పాఱుచుండెను. అంతటి వఱద అచ్చట మునుపెన్నడును నమోదు కాలేదు. పెద్దనదియే నిండి పొంగుచుండగా చిన్న కాలువ దానిలోనికి నీటి నెట్లు త్రోయగలదు? కాలువకు మూడుచోట్ల గండ్లు పడెను. సింగునగరు మొదలగు పేటలు దినములకొలది నీట నుండెను. గండ్లను పూడ్చుటకు సైన్యమును పిలువవలసి వచ్చెను.

నది యే మట్టమున నున్నపుడు కాలువ యెంత నీటిని విడువగలదు, ఎంతనుండి వెనుకకు తన్నును, ఆ నీరు మొదట నే గట్టునకు వచ్చును, వానకును గండికిని నడుమ జనులను తరలించుటకు నెన్ని గంటల వ్యవధి యుండును? ఇవి జలశాస్త్రపు పాఠ్యపుస్తకమునందలి లెక్కలే. మూడవ సంవత్సరపు విద్యార్థులు పరీక్షలలో వ్రాయుచున్న లెక్కలే. ఆ లెక్కలు బాగుగా వ్రాసి మార్కులు తెచ్చుకొన్న బాలురలో నెందఱు ఆ కాలువ గట్టుపై నొక్కనాడైన కొలబద్దతో నిలిచిరి? వారి నట పంపిన అధ్యాపకు లెందఱు?

మఱి వారేమి చేయుచున్నారు? చివరి సంవత్సరమున ప్రతి విద్యార్థియు నొక ప్రాజెక్టు చేయవలెనను నియమము గలదు. నియమము చక్కనిదే. కాని హైదరాబాదు అమీరుపేటలో ప్రాజెక్టులు సిద్ధముగా నమ్మబడును. రొక్కము చెల్లించినవానికి యంత్రమును, పుస్తకమును, పరీక్షకుడు ప్రశ్నించునపుడు చెప్పవలసిన సమాధానములును గూడ నిత్తురు. పెండ్లికి పట్టుచీర నద్దెకు తెచ్చుకొన్నట్లు విద్యను అద్దెకు తెచ్చుకొనుచున్నారు. బాలుని తప్పు కొంత గలదు. చూచియు చూడనట్లుండు కళాశాల తప్పు అంతకు మించినది.

ఉపాధ్యాయుల వ్యాసముల కథయు నిట్టిదే. 2010లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు అధ్యాపకుల యోగ్యతకు మార్కుల పద్ధతి నేర్పఱచి, అచ్చైన వ్యాసమునకు మార్కులు పెట్టిరి. మార్కులు పెట్టినచోట అంగడి పుట్టక మానునా? సొమ్ము పుచ్చుకొని యేది పంపిన నది యచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచెను. 2018 మే నెలలో ఆ సంఘమువారే తమ పట్టికనుండి 4,305 పత్రికలను కొట్టివేయవలసివచ్చెను. 2019లో మఱియొక పట్టికను చేసిరి; 2025లో దానిని గూడ విడిచిపెట్టిరి. హైదరాబాదునందలి ఓమిక్సు అను ప్రచురణసంస్థ గ్రంథకర్తలను మోసగించినదని అమెరికా న్యాయస్థానము 2019లో తీర్పుచెప్పి 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమనెను. తెలుగుగడ్డ పేరు శాస్త్రలోకమున నీవిధముగా వినబడుట మనకు తలవంపు కాదా?

ఇందు అధ్యాపకుల నొక్కరినే నిందించుట న్యాయము కాదు. వేసవిలో వారిని ఊరూర త్రిప్పి, రైతుల యరుగులపై కూర్చుండబెట్టి, మా కళాశాలలో పిల్లవానిని చేర్పింపుడని బ్రతిమాలించుచున్న యాజమాన్యములు గలవు. నెలలు గడచినను జీతము ముట్టని చోట్లును గలవు. అట్టివానిని పట్టుకొని సంవత్సరమునకు రెండు వ్యాసములు తెమ్మనిన నతడు ప్రయోగశాలకు పోవునా, అంగడికి పోవునా?

ఇబ్రహీంపట్నపు బూడిదను గూర్చియు బుడమేటిని గూర్చియు వ్రాసిన లోకమున నెవరు చదువుదురు, పెద్ద పత్రికలు వేసికొనవు గదా, యని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. కృష్ణ పశ్చిమ డెల్టాలోని బాపట్లను వారు మఱచినట్లున్నది. అచ్చటి పరిశోధకులు మన పొలములకు తగిన సన్నబియ్యపు వంగడము కావలెనని పూని, కిచ్చిలి సాంబనుండి వచ్చిన జి.ఇ.బి. 24ను, తైవాను పొట్టి వరిని, మషూరిని కలిపి 1986లో విడుదల చేసినదే బి.పి.టి. 5204. సాంబ మషూరి యని దేశమంతట తినుచున్నది దానినే. దానికి ఆకు ఎండు తెగులు బాధ యున్నందున, హైదరాబాదునందలి అణుజీవశాస్త్రజ్ఞులును వరి పరిశోధకులును ఒక్కచోట పనిచేసి, తెగులునకు లొంగని మూడు జన్యువులను చేర్చి 2008లో మెఱుగుపఱచిన వంగడము నిచ్చిరి. ఊరి పొలమునుండి లేచిన ప్రశ్న లోకపు శాస్త్రమునకు తక్కువైనదా?

ఆ యూరికి కూతవేటున నున్న కొండపల్లిలో బొమ్మలు చెక్కువారు తెల్లపొణికి కఱ్ఱ దొరకక వగచుచున్నారు. ఆ చెట్టు గింజ పెంకు మిక్కిలి గట్టిదగుటచే మొలకెత్తుట కష్టము. ఇదియు నొక పరిశోధనయే యని యెవరైన వారికి చెప్పిరా?

ధనము లేదందురేమో. నీటిమట్టమును చూచు కొలబద్దకును, వర్షమాపకమునకును, బావినీటిని పరీక్షించు పరికరములకును అగు వ్యయమును, ఒక్క అంతర్జాతీయ సదస్సున శాలువలకును భోజనములకును అగు వ్యయమును ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. పరికరములు చేయు నేర్పు మన డెల్టాకు క్రొత్తది కాదు. 1983లో భారత్ ఎలక్ట్రానిక్సు వశమైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ బందరులో శాస్త్రపరికరములను చేసినదే.

మేము కోరునది యిది. బూడిద చెఱువుల చుట్టునున్న బావుల నీటిని నెలనెలయు, మళ్లింపు కాలువ నీటిమట్టమును వానకాలమున దినదినమును కళాశాల విద్యార్థులు కొలిచి వ్రాయవలెను. అన్ని శాఖలవారును అందులో చేరవలెను. ఆ పట్టికను తెలుగున వ్రాసి ఆ గ్రామముల పంచాయతీ కార్యాలయముల గోడపై నంటింపవలెను. ఐదేండ్లు విడువక యీ పని చేయించిన అధ్యాపకునకు పది వ్యాసములు వ్రాసినవానితో సమానముగా పదవి నీయవలెను. పట్టికలో తప్పున్న బావి గలవాడు వచ్చి యడుగును. ఆ పరీక్షకుడు అద్దెకు తెచ్చిన సమాధానములతో తృప్తినొందడు.