దేశీయ చేపకు చోటుంటేనే సాగుకు మనుగడ
విదేశీ రకాలతో కలిపి పెంపకం.. లాభమెంత? ముప్పెంత?

ఏలూరు: కొల్లేరు చుట్టూ విస్తరించిన చెరువుల్లో శీలావతి, బొచ్చెల సరసన రూప్‌చంద్ చేరింది. రైతులు ఫంగస్‌గా పిలుచుకునే పంగాసియస్ ఏకంగా వేరే చెరువులనే ఆక్రమించింది. త్వరగా ఎదిగి సొమ్ము చేతికిచ్చే రకం వైపు రైతు చూడటం సహజమే. అయితే దేనిని దేనితో కలపాలి, గట్టు దాటకుండా ఎలా కాపాడాలి అన్న విషయాల్లో జాగ్రత్త వహిస్తేనే ఈ సాగు నాలుగు కాలాల పాటు నిలుస్తుంది.

ఒకే చెరువు.. మూడు అంతస్తులు

దేశీయ, విదేశీ రకాలను కలిపి పెంచడం కొత్తేమీ కాదు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌదరి ప్రేరిత ప్రజననంలో విజయం సాధించడంతో చేపపిల్లల కోసం నదులపైనే ఆధారపడాల్సిన అవసరం తగ్గింది. 1959లో గడ్డి చేప, వెండి చేప దేశంలో అడుగుపెట్టాయి. బంగారు తీగ అంతకుముందే వచ్చింది. ఈ మూడింటినీ బొచ్చె, శీలావతి, మోసులతో కలిపి పెంచే సమ్మిళిత విధానంపై 1971లో అఖిల భారత స్థాయి పరిశోధన పథకం ప్రారంభమైంది.

దీని సూత్రం సులభం. బొచ్చె పై నీటిలో, శీలావతి నడిమి నీటిలో, మోసు అడుగున మేత వెతుక్కుంటాయి. గడ్డి చేప కలుపు మొక్కలను తింటే, దాని విసర్జన చెరువుకు ఎరువవుతుంది. అయితే వెండి చేప ఎక్కువైతే పై నీటి మేతకు పోటీ పెరిగి బొచ్చె ఎదుగుదల కుంటుపడుతుంది. బంగారు తీగ మోసుతో పోటీపడటమే కాక, గట్లను తవ్వి నీటిని బురదమయం చేస్తుంది.

కొల్లేరు ప్రాంత రైతులు ఈ ఆరు రకాల పద్ధతిని చాలాకాలం క్రితమే వదులుకున్నారు. ఐసులో పెట్టి కోల్‌కతా, అస్సాంల వరకు పంపాల్సిన సరకులో వెండి చేప త్వరగా మెత్తబడుతుంది. మోసును వలకు పట్టడం కష్టం. దీంతో శీలావతి, బొచ్చెలే మిగిలాయి. మార్కెట్ కోణంలో ఇది సరైనదే. కానీ అడుగున తిరిగే చేప లేకపోతే అక్కడి సహజ మేత వృథా అవుతుంది.

గట్టు దాటితేనే ముప్పు

అసలు ప్రమాదం చెరువు వెలుపల ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లోని గోవింద్ సాగర్ జలాశయంలోకి 1971లో ప్రమాదవశాత్తు చేరిన వెండి చేప క్రమేణా ఆధిపత్యం సాధించగా, బొచ్చె దిగుబడి పడిపోయింది. కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు వరద తాకిన ప్రతిసారీ చెరువుల గట్లు మునిగే ప్రమాదముంది. తప్పించుకున్న చేప సరస్సుకే చేరుతుంది. కొరమేను, వాలుగ, జెల్లలు పట్టి పొట్టపోసుకునే సంప్రదాయ మత్స్యకారులకు చెరువుల లాభంలో వాటా లేదు, నష్టంలో మాత్రం ఉంది.

ఇతర చేపలను విచక్షణ లేకుండా తినే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా దాని పెంపకం దేశంలో పూర్తిగా ఆగలేదు. కొల్లేరు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చెరువుల గట్లను ప్రభుత్వం ధ్వంసం చేసింది. సరస్సును కాపాడాలన్న లక్ష్యం గట్లు కొట్టడంతోనే నెరవేరదు. చుట్టూ ఉన్న చెరువుల నుంచి ఏ చేప, ఏ నీరు అందులోకి వస్తున్నాయో చూడటమూ అంతే ముఖ్యం.

చేయాల్సిందేమిటి?

వరద మట్టానికి మించిన గట్లు, నీరు వచ్చే, పోయే తూములకు సన్నని వలలు ప్రతి చెరువుకూ ఉండాలి. విదేశీ రకాల పిల్లలను గుర్తింపు పొందిన హేచరీల నుంచే తేవాలి. దట్టంగా పెంచే పంగాసియస్ చెరువుల మురుగును నేరుగా డ్రెయిన్లలోకి వదలరాదు. మోసు, కొరమేను వంటి దేశీయ రకాల నాణ్యమైన పిల్లలను రైతుకు అందుబాటులోకి తేవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

విదేశీ చేపను పూర్తిగా కాదనడం నేడు సాధ్యం కాదు, అవసరమూ లేదు. అది చెరువు గట్టు లోపలే ఉండేలా చూసుకుంటే రైతుకు రాబడి, సరస్సుకు రక్షణ రెండూ దక్కుతాయి. ఆ జాగ్రత్తకయ్యే ఖర్చు, ఒకసారి సరస్సు చెడిన తరువాత చేయాల్సిన ఖర్చు కంటే ఎంతో తక్కువ.