జిహ్వకో రుచి సరే, చెవికో కులమెందుకు?



క్రిందటి నెల ఒక పెండ్లి విందులో పాత సహోద్యోగి ఒకరు నా పక్కన కూర్చున్నారు. వారూ నావలెనే తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసినవారు. నా జేబులో నుండి జారిపడిన ఇయర్‌ఫోన్లు తీసి ఇస్తూ, "ఏం వింటున్నారు మాస్టారూ? అన్నమయ్యా, త్యాగయ్యా?" అని అడిగారు. "ఈ పూట పింక్ ఫ్లాయిడ్ అండీ" అన్నాను. వారి చేతిలోని పులిహోర ముద్ద నోటి దాకా పోలేదు. "ముప్ఫై నాలుగేళ్ళు పద్యం చదివిన నోరు పలికే మాటేనా ఇది?" అన్నారు. పంక్తిలో నవ్వులు లేచాయి. ఎదుటి పంక్తిలోని పెద్దమనిషి ఒకరు తగవు తీర్చబోయి, "పోనివ్వండి, పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నారు. అంతలో సాంబారు వచ్చింది. చర్చ ముగిసింది.

నాకు మాత్రం ముగియలేదు. మొదటివారిది ఆక్షేపణ. దానికి సమాధానం చెప్పవచ్చు. రెండవవారిది అంతకంటె ప్రమాదకరమైన మాట. అది చర్చ నోరు నొక్కేస్తుంది. రెంటికీ ఇక్కడ జవాబు చెప్పదలచుకున్నాను. పండితుడను కనుక పూర్వపక్షంతోనే మొదలుపెడతాను.

పూర్వపక్షం ఇది: రాక్ సంగీతం పరాయిది, దొరలది, పైగా వట్టి రొద. తెలుగు చదువుకున్నవాడు దానిని మెచ్చుకోవడం స్వధర్మాన్ని విడిచిపెట్టడమే.

పరాయిదన్నారు. మంచిది. మన కచేరీలో గాయకుడి పక్కన కూర్చునే వాయులీనం ఏ ఊరిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని పాశ్చాత్యుల వద్ద నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడని చెప్పుకుంటాము. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయించిన నాటికి అది మనదే అయిపోయింది. సాక్షాత్తు ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టు స్వరాలని వాటిని నేటికీ పిల్లలకు నేర్పుతున్నాము. ఇంగ్లండు రాజగీతపు బాణీ కూడా అందులో ఉన్నది. ఆ మహానుభావుడి స్వధర్మానికి రాని లోటు నాకెందుకు వస్తుందో చెప్పండి.

దొరలదన్నారు. ఇది చరిత్ర తెలియని మాట. ఆ సంగీతానికి మూలం వెతుక్కుంటూ పోతే చేరేది దొరల మేడలకు కాదు, అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తిచేలకు. బానిసలుగా అమ్ముడుపోయినవారి సంతతి తమ దుఃఖాన్ని పాడుకున్న పాటలకే బ్లూస్ అని పేరు. రాబర్ట్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1936, 1937 సంవత్సరాలలో టెక్సాస్‌లో ఇరవై తొమ్మిది పాటలు రికార్డు చేసి, 1938లో ఇరవై ఏడేళ్ళకే మరణించాడు. మూడు దశాబ్దాల తరువాత ఇంగ్లండు కుర్రవాళ్ళు ఆ పాటలనే గురుముఖంగా నేర్చుకున్నంత శ్రద్ధతో నేర్చుకున్నారు. 'హౌండ్ డాగ్' అనగానే లోకానికి ఎల్విస్ ప్రెస్లీ గుర్తుకు వస్తాడు. ఆయన అది పాడినది 1956లో. అంతకు నాలుగేళ్ళ ముందే, 1952లో, బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి స్త్రీ దానిని రికార్డు చేసింది. క్రౌంచపక్షి శోకంలో నుండి ఆదికావ్యం పుట్టిందని తరగతి తరగతికీ చెప్పిన మనకు, శోకంలో నుండి పాట పుట్టిందంటే వింత ఎందుకు కావాలి?

ఇక రొద. బీటిల్స్ 1966లో వెలువరించిన 'ఎలినర్ రిగ్బీ' విన్నారా? అందులో గిటారు లేదు, డ్రమ్ములు లేవు. నాలుగు వయొలిన్లు, రెండు వయొలాలు, రెండు చెల్లోలు, వాటి మీద గొంతులు. అంతే. ఎవరికీ పట్టని ఒక ఒంటరి స్త్రీ కథ రెండు నిమిషాలు దాటీ దాటకుండా ముగుస్తుంది. కరుణరసాన్ని ఇంత పొదుపుగా వాడిన రచనలు నేను చదివిన వాటిలోనూ ఎక్కువ లేవు.

పెండ్లిలో పరిహాసానికి గురి అయిన పింక్ ఫ్లాయిడ్ సంగతి కూడా చెబుతాను. ఆ బృందాన్ని ప్రారంభించినవారిలో ముఖ్యుడు సిడ్ బారెట్. మతి చలించి 1968లో బృందానికి దూరమయ్యాడు. 1975లో మిగిలినవారు అతనిని తలచుకుంటూ 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' అనే దీర్ఘగీతం తయారుచేస్తున్నారు. ఒకనాడు లండన్ స్టూడియోలోకి లావుపాటి మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు. తల, కనుబొమలు గొరిగించుకుని ఉన్నాడు. ఎవరో అనుకున్నారు. ఆ వచ్చినవాడు సిడ్ బారెట్ అని తెలియడానికి కొంతసేపు పట్టింది. తెలిసిన తరువాత కన్నీరు ఆగలేదు. అభిజ్ఞాన శాకుంతలం పాఠం చెప్పినవాడికి ఈ ఘట్టం అర్థం కాకపోతే, అతడు చెప్పిన పాఠాన్నే శంకించాలి. అక్కడ ఉంగరమైనా దొరికింది. ఇక్కడ అదీ లేదు.

ఇక రెండవ మాటకు వస్తాను. జిహ్వకో రుచి. వినడానికి ఎంత ఉదారంగా ఉన్నది! కాని దాని అసలు అర్థం, "మీ ఇష్టం గురించి మాట్లాడుకోదగినది ఏమీ లేదు, విస్తట్లోకి చూడండి" అని. నేను దీనిని అంగీకరించను. రుచి పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోయేది అయితే మన అలంకారశాస్త్రమంతా దండుగ. కావ్యాలను మరల మరల చదివి మనసు అనే అద్దాన్ని తుడుచుకున్నవాడే సహృదయుడని అభినవగుప్తుడు చెప్పాడు. తుడుచుకోవాలి. అది పని. ఎవరి అద్దం మీది దుమ్ము వారి ఇష్టమంటే ఇక గురువెందుకు, విమర్శ ఎందుకు?

కావున నాకు నచ్చినవాటిని కూడా నేను తూకం వేయక వదలను. లెడ్ జెప్పెలిన్ బృందమంటే నాకు ఇష్టం. 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్' ఎనిమిది నిమిషాల పాట. విలంబంలో మొదలై, మెట్టు మెట్టుగా వేగం పుంజుకుని, శిఖరం చేరి, చివరికి ఒంటరి గొంతుతో ఆగే ఆ నిర్మాణం రాగాలాపన తెలిసినవాడికి వెంటనే పట్టుబడుతుంది. అయినా వారి మీద నా అభియోగం ఒకటి ఉన్నది. 1969 నాటి 'హోల్ లాటా లవ్' పాటలో నల్లజాతి బ్లూస్ కవి విల్లీ డిక్సన్ సొత్తు ఉన్నది. పేరు చెప్పలేదు. ఆయన 1985లో దావా వేస్తే 1987లో రాజీ పడ్డారు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణాన్ని గురించి అధ్యాయాలే వ్రాశాడు. తీసుకోవడం తప్పనలేదు, ఎలా తీసుకున్నావని అడిగాడు. నేనూ అదే అడుగుతాను. వారి 'మోబీ డిక్' డ్రమ్ముల వాయిద్యం కచేరీలలో పావుగంట దాటి సాగేది. అది మొదలైతే, తని ఆవర్తనం కాగానే కాఫీకి లేచే మన సభాసదుల మీద నాకు మొదటిసారి సానుభూతి కలుగుతుంది.

అంతమాత్రాన రాక్ అభిమానులు మావాడే అని నన్ను భుజం తట్టనక్కర లేదు. వారిలోనూ మా పండితులను మించిన ఛాందసులున్నారు. అబ్బా బృందం పేరెత్తితే మొగం ముడుస్తారు. కార్పెంటర్స్ అంటే లాలిపాటలని నవ్వుతారు. ముప్ఫై రెండేళ్ళకే, 1983లో, కన్నుమూసిన కారెన్ కార్పెంటర్ మంద్రస్థాయిలో పలికించిన విషాదం ఎన్ని గిటార్లు అరిచినా వస్తుందా? సులువుగా వినబడేది సులువుగా చేసినదని అనుకోవడం ఛాందసానికి మొదటి లక్షణం. పోతన అందరికీ వస్తుంది కనుక చిన్నకవి అనేవారితో ముప్ఫై నాలుగేళ్ళు వాదించినవాడిని. ఈ జబ్బును దూరం నుండే గుర్తుపడతాను.

1965 జూలైలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టుకుని వేదిక ఎక్కితే జానపదవాదులు గోల చేశారు. సంప్రదాయం చెడిందన్నారు. గిడుగువారు వాడుకభాషలో వ్రాయండి అన్నప్పుడు మా పండిత పరంపర చేసిన గోలే అది. అదే డిలన్‌కు 2016లో సాహిత్యంలో నోబెల్ బహుమతి ఇస్తే, పాట సాహిత్యమెలా అవుతుందని పాశ్చాత్యులు తర్కించుకున్నారు. క్షేత్రయ్య పదాన్ని, రామదాసు కీర్తనను సాహిత్య చరిత్రలో చేర్చుకున్న జాతి మనది. ఆ తర్కంలో డిలన్ పక్షాన మొదట నిలబడవలసినవారు తెలుగు పండితులు. మనం విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాము.

ఇంత ఆవేశం ఎందుకు మాస్టారూ అని మీరడగవచ్చు. నాకొక అప్పు ఉన్నది. అది చెప్పకుండా ఈ టపా ముగిస్తే నేను పైన వ్రాసినదంతా డాంబికమే అవుతుంది.

1988లో, నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళయిన రోజులలో, తొమ్మిదవ తరగతిలో పద్యం చెబుతున్నాను. చివరి బల్ల మీద ఒక కుర్రవాడు తల వంచుకుని ఏదో వ్రాసుకుంటున్నాడు. పుస్తకం లాక్కున్నాను. ఒక పుట నిండా తెలుగు అక్షరాలే, కాని తెలుగు కాదు. ఇంగ్లీషు పాట. పట్నంలోని బంధువుల ఇంట క్యాసెట్టులో విని, స్పెల్లింగులు రాక, చెవికి వినబడినది వినబడినట్లు తెలుగు లిపిలో వ్రాసుకున్నాడు. నేను ఆ పంక్తులను హరికథ ఫక్కీలో గట్టిగా చదివాను. తరగతి గొల్లుమన్నది. "అర్థం తెలుసునా?" అని అడిగాను. "తెలియదండీ. బాగుంటుందండీ" అన్నాడు. ఆ పుటను చింపి, నాలుగు ముక్కలు చేసి, కిటికీలో నుండి పారవేశాను. వాడు ఏడవలేదు. పదవ తరగతి ముగిసేదాకా నా తరగతిలో మరి నోరు విప్పలేదు.

అర్థం తెలియకుండానే విష్ణుసహస్రనామం వల్లించే ఇంట పెరిగిన నేను, వాడిని అర్థమడిగాను!

2005లో మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నప్పుడు ఒక రాత్రి వాడి గదిలో నుండి పాట ఒకటి వినబడింది. విననిదే, అయినా మాటలు ఎక్కడో తగిలాయి. వాకిట్లో నిలబడి విన్నాను. నేను వెక్కిరిస్తూ చదివిన అక్షరాలే అవి. పదిహేడేళ్ళుగా నా నాలుక మీదనే ఉన్నట్లున్నాయి. ఏమిటా పాట అని అడిగాను. 'ద సౌండ్ ఆఫ్ సైలెన్స్', సైమన్, గార్ఫంకెల్ అన్నాడు. అర్థం చెప్పించుకున్నాను. మనుషులు ఒకరి మాట ఒకరు వినకపోవడాన్ని గురించిన పాట అది. దానిని వినకుండా చింపినవాడిని నేను.

ఆ రాత్రి మరల మరల పెట్టించుకున్నాను. అప్పుడు కుర్రవాడి పుట కళ్ళ ముందుకు వచ్చింది. గాయకులు ఊపిరి తీసుకునే చోటల్లా వాడు చిన్న అడ్డగీత పెట్టుకున్నాడు. యతి అంటే విశ్రాంతి స్థానమని నేను నల్లబల్ల మీద వ్రాస్తున్న గంటలోనే, వాడు చెవితో యతి పట్టుకుంటున్నాడు. నేను చూడలేదు.

ఆ పాట చరిత్ర తరువాత తెలుసుకున్నాను. 1964లో వట్టి గిటారుతో వచ్చినప్పుడు దానిని పట్టించుకున్నవారు తక్కువ. గాయకులిద్దరూ ఎవరి దారిన వారు పోయారు. 1965లో టామ్ విల్సన్ అనే నిర్మాత, వారికి చెప్పకుండానే, దానికి విద్యుత్ గిటారు, డ్రమ్ములు చేర్పించాడు. 1966 జనవరిలో అమెరికాలో అదే మొదటి స్థానానికి చేరింది. నాలోని పండితుడికి నేటికీ 1964 నాటి పాటే ఇష్టం. కాని డ్రమ్ములు చేర్చకపోతే అది ఒక జిల్లా పరిషత్తు పాఠశాల చివరి బల్ల దాకా వచ్చేదా? ఈ ప్రశ్న నా శుద్ధవాదాన్ని ఇరవై ఏళ్ళుగా నిలదీస్తూనే ఉన్నది.

కావున నా సిద్ధాంతం ఇది. చెవికి పుట్టిన ఊరు ఉంటుంది, కులం ఉండదు. నచ్చినదాన్ని ఎందుకు నచ్చినదో చెప్పగలగాలి. నచ్చనిదాన్ని విన్న తరువాతనే కాదనాలి. పులిహోర ముద్ద ఆగిపోయిన మా మిత్రులకు మూడు పాటలు సూచిస్తున్నాను: 'ఎలినర్ రిగ్బీ', 'ద సౌండ్ ఆఫ్ సైలెన్స్', 'విష్ యు వర్ హియర్'. మూడూ కలిపి పన్నెండు నిమిషాలకు మించవు. విని వచ్చి, అప్పటికీ రొదే అనిపిస్తే ఇక్కడ వ్యాఖ్య వ్రాయండి. పద్యానికి పద్యంగా వాదించుకుందాము.

ఆ కుర్రవాడికి ఇప్పుడు ఏభై నిండి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఒకవేళ ఈ పుట వాడి కంట పడితే ఒక్క మాట. నాయనా, నువ్వు చెప్పినది నిజమే. బాగుంటుంది.