మనవాడే కదా!

నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాటీలు రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టారు. కామాటిపురాకు తమ పేరిచ్చారు. అదే చోట తెలుగు యజమాని, 11 నెలలు నిండగానే, తెలుగు అద్దెదారుని పిల్లలతో సహా గల్లీలోకి నెడితే అది మన ఇంటి విషయమట! "మనవాడే కదా, కాగితమెందుకు?" అన్న మాటే కొంప ముంచుతోంది.

1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఒప్పందం రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిదే. చేయించకపోతే, తప్పని రుజువయ్యేదాకా, షరతుల విషయంలో అద్దెదారు మాటే చెల్లుతుంది. గడువు దాటితే రెట్టింపు అద్దె కట్టవలసి రావచ్చు. కాని అధికారి ఉత్తర్వు లేకుండా గెంటే హక్కు ఎవరికీ లేదు.

సంఘాల పెద్దలారా! ఉగాది వేదికపై భాషాభిమానం తర్వాత చాటుదురు గాని, ముందు కాగితం రాయించండి. పిల్లల పరీక్షలయ్యేదాకా గడువిప్పించండి.