దుంప చక్కెర - చెఱకు చక్కెర

చలిదేశములలో భూమి లోపల ఊరు బీటుదుంపనుండియు, ఎండదేశములలో భూమి పైన పెరుగు చెఱకునుండియు చక్కెర తయారగుచున్నది. శుద్ధిచేసిన పిమ్మట ఈ రెంటికిని రుచిలోగాని రంగులోగాని భేదము కానరాదు. రసాయన శాస్త్ర దృష్టితో రెండును ఒకే పదార్థము. ఐనను వీని నడుమ రెండువందల యేండ్లకు పైబడి పోరు సాగుచున్నది. ఆ పోరులోనికి రాజులు దిగిరి, పార్లమెంటులు దిగినవి, తుదకు అంతర్జాతీయ న్యాయవేదికలును దిగవలసివచ్చినది. ఐరోపా దేశముల వ్యవసాయ విధానము లోకవ్యాపారమును ఎట్లు మలచినదో గ్రహింపగోరువారికి చక్కెర చరిత్రకంటె తేటయైన పాఠము దొరకుట అరుదు. తన రైతును కాపాడుకొనుట ప్రతి దేశమునకును ధర్మమే. ఆ కాపుదలకగు వ్యయము ఎవరి నెత్తిన పడుచున్నదన్నదే అసలు ప్రశ్న.

యుద్ధము పెంచిన పైరు

పదునెనిమిదవ శతాబ్ది ముగియువరకు ఐరోపావారు తినిన చక్కెర దాదాపుగా చెఱకు చక్కెరయే. ఆఫ్రికానుండి బానిసలుగా తరలింపబడిన ప్రజల చెమటతో, కరీబియను ద్వీపముల తోటలలో, అది తయారయ్యెడిది. 1747లో బెర్లిను నగరమున మార్‌గ్రాఫ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు బీటుదుంపలోను అదే చక్కెర కలదని కనుగొనెను. ఆయన శిష్యుడు ఆషార్డ్ ప్రష్యా రాజు సాయముతో సైలీషియా ప్రాంతమున మొదటి దుంప చక్కెర కర్మాగారమును నెలకొల్పి, 1802లో నడపసాగెను.

శాస్త్రము చూపిన త్రోవకు బలము చేకూర్చినది యుద్ధము. బ్రిటిషు సరకు ఐరోపా ఖండమున అడుగిడరాదని 1806లో నెపోలియను శాసించెను. బ్రిటిషు నౌకాదళము సముద్రమార్గములను అరికట్టెను. చెఱకు చక్కెర రాక సన్నగిల్లగా, వేలకొలది హెక్టారులలో బీటుదుంప సాగు కావలెనని 1811లో ఆయన ఆజ్ఞాపించెను. ఆయన ఓడిపోయిన పిమ్మట చౌకయైన చెఱకు చక్కెర తిరిగివచ్చెను. కర్మాగారములు పెక్కు మూతపడెను. కాని పైరు నశింపలేదు. ప్రభుత్వములు సుంకములతో దానికి కంచె కట్టినవి. పందొమ్మిదవ శతాబ్ది తుదినాటికి లోకమున తయారగు చక్కెరలో సగమునకు పైగా దుంప చక్కెరయే.

బ్రస్సెల్సు ఒడంబడిక

ఈ పెరుగుదలకు కారణము సుంకములు మాత్రమే కాదు. జర్మనీ, ఆస్ట్రియా-హంగెరీ, ఫ్రాన్సు ప్రభుత్వములు తమ చక్కెరను పరదేశములకు పంపువారికి ఎగుమతి బహుమానములు ఇచ్చుచుండెను. తన దేశమున చక్కెర కొనువాడు ఎక్కువ ధర చెల్లించును. ఆ మిగులుతో పరదేశమున తక్కువ ధరకు అమ్ముదురు. ఇంగ్లండులో చక్కెర కారుచౌక యయ్యెను; అచటి మురబ్బా, మిఠాయి పరిశ్రమలు వర్ధిల్లెను. కాని వెస్టిండీసు ద్వీపముల చెఱకు తోటలు కుంగిపోయెను. వాని దుస్థితిని విచారించుటకు 1897లో బ్రిటను ఒక రాజకీయ విచారణ సంఘమును పంపవలసివచ్చినది.

ఆ చౌక చక్కెర భారతదేశమునకును వచ్చెను. దాని దెబ్బకు స్వదేశపు చక్కెర తయారీదారులే గాక, భారత విపణిపై ఆధారపడిన మారిషసు ద్వీపపు తోటలవారును గగ్గోలు పెట్టిరి. ఆ తోటలలో పనిచేయుటకు ఒప్పందపు కూలీలుగా సముద్రము దాటిన వారిలో తెలుగువారును కలరు. వారి సంతతి నేటికిని అచట నున్నది. 1899లో భారత ప్రభుత్వము చట్టము చేసి, విదేశ ప్రభుత్వములు బహుమానమిచ్చి పంపిన చక్కెరపై ఆ బహుమానమునకు సరితూగు అదనపు సుంకమును విధించెను.

1902 మార్చి 5వ తేదీన బ్రస్సెల్సు నగరమున ఐరోపా దేశములు కూడి ఒడంబడిక చేసికొనెను. ఎగుమతి బహుమానములు రద్దుకావలెను; వానిని ఇచ్చు దేశపు చక్కెరపై తక్కినవారు అదనపు సుంకము వేయవలెను; అమలును పరిశీలించుటకు శాశ్వత సంఘము ఒకటి ఉండవలెను. వ్యవసాయ సబ్సిడీలను అదుపుచేయుటకు దేశములు కూడి చేసిన తొలి యత్నములలో ఇది ముఖ్యమైనది. మొదటి ప్రపంచయుద్ధము దానిని తుడిచివేసెను.

ఆకలి నేర్పిన విధానము

రెండవ ప్రపంచయుద్ధము ఐరోపాకు ఆకలిని చూపెను. 1944-45 శీతకాలమున నెదర్లాండ్సు దేశమున సుమారు 20,000 మంది తిండిలేక మరణించిరి. యుద్ధానంతరము ఆ దేశమునకు వ్యవసాయ మంత్రి యైన సిక్కో మాన్‌షోల్టు స్వయముగా రైతు. 1957 మార్చి 25న రోము ఒడంబడికపై ఆరు దేశములు సంతకము చేసి ఐరోపా ఆర్థిక సమాజమును స్థాపించినప్పుడు, వ్యవసాయ భారము ఆయన చేతికే వచ్చెను. సాగును పెంచుట, రైతునకు తగిన జీవనమును కూర్చుట, విపణులను నిలకడగా ఉంచుట, ఆహారమునకు కొదువ లేకుండ చూచుట, ప్రజలకు సరసమైన ధరలకు అందించుట అను ఐదు లక్ష్యములను ఒడంబడిక పేర్కొన్నది.

ఆకలి నెరిగినవారు వ్రాసికొన్న ఆ లక్ష్యములను తప్పుపట్టుటకు లేదు. లోపము సాధనములో నుండెను. 1962లో రూపుదాల్చిన ఉమ్మడి వ్యవసాయ విధానము రైతునకు ధరను హామీ ఇచ్చెను. బయటి సరకు చౌకగా వచ్చినచో, ఆ వ్యత్యాసమంతయు సుంకముగా వసూలు చేయుదురు. స్వదేశపు విపణిలో ధర పడిపోయినచో ప్రభుత్వమే కొని గిడ్డంగులలో పెట్టును. మిగులు సరకును పరదేశములకు పంపువారికి నష్టమును పూడ్చుదురు. ఈ పద్ధతి 1968 జులై 1 నుండి చక్కెరకును వర్తించెను.

పదునొకండవ బస్తా

చక్కెర విషయమున కొంత జాగ్రత్త పడిరి. అపరిమితముగా కొందుమని చెప్పక, కోటాలు విధించిరి. 'ఎ', 'బి' అను రెండు కోటాలలోని చక్కెరకు మాత్రమే హామీ ధర. వానిని మించి తయారైన దానిని 'సి' చక్కెర అనిరి. దానికి హామీ లేదు, దానిని సమాజపు విపణిలో అమ్మరాదు, బయటకే పంపవలెను. చూచుటకు ఇది న్యాయముగనే తోచును. కాని ఇందులోనే చిక్కున్నది.

ఒక రైతునకు దుక్కికి, నీటికి, కూలీలకు అయిన ఖర్చంతయు మొదటి పది బస్తాల అమ్మకమునందే వచ్చివేసెననుకొందము. పదునొకండవ బస్తాను అతడు ఎంతకు అమ్మినను లాభమే. ప్రక్క ఊరి రైతు తన పది బస్తాలను ఖర్చు వచ్చు ధరకు అమ్ముకొనవలసినవాడు. వాని సంతలోనే ఈ పదునొకండవ బస్తాను దింపినచో వాని గతి యేమి? ఐరోపా కర్మాగారములకు 'సి' చక్కెర ఆ పదునొకండవ బస్తా వంటిది. యంత్రముల ఖర్చు, వడ్డీలు, జీతములు కోటా చక్కెర పైననే రాబట్టుకొని, తక్కినదానిని లోకవిపణిలో ఉత్పత్తి వ్యయమునకంటె తక్కువకు అమ్మగలిగిరి. కోటా ధర పెంచిన సొమ్ము ఐరోపా గృహిణి చెల్లించినది; దాని నష్టము దూరదేశపు చెఱకు రైతు అనుభవించెను.

1974లో చక్కెరకు లోకమంతట కరవు వచ్చి ధరలు ఆకాశమునంటెను. ఆ భయముతో ఐరోపాలో సాగు పెరిగెను. ఆ దశాబ్ది ముగియునప్పటికి చక్కెర ఎగుమతి చేయు పెద్ద శక్తులలో ఐరోపా సమాజము ఒకటియయ్యెను. 1985లో లోకవిపణి ధర పౌనుకు మూడు అమెరికను సెంట్లకంటె దిగువకు జారెను. ఆ పతనమునకు ఐరోపా ఒక్కటే కారణము కాదు. కాని ధర పడినప్పుడు సాగు తగ్గించుకొనవలెనను హెచ్చరిక అచటి రైతునకు అందలేదు. హామీ ధర ఆ హెచ్చరికను గోడవలె అడ్డగించెను. సర్దుబాటు భారమంతయు గోడకు బయటనున్నవారిపై పడెను.

జెనీవా తీర్పు

1994లో మరాకేషు నగరమున కుదిరిన ఒడంబడికతో వ్యవసాయము మొదటిసారి గట్టి అంతర్జాతీయ నియమముల క్రిందికి వచ్చెను. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ వెలసెను. ఎగుమతి సబ్సిడీలకు ప్రతి దేశమును హద్దు వ్రాసి యిచ్చెను. చక్కెర విషయమున ఐరోపా తన హద్దును దాటుచున్నదని బ్రెజిలు, ఆస్ట్రేలియా 2002లోను, థాయిలాండు 2003లోను ఫిర్యాదు చేసెను. 'సి' చక్కెరకు తాము చిల్లిగవ్వ ఇచ్చుటలేదని ఐరోపా వాదించెను. పదునొకండవ బస్తా ఖర్చును మొదటి పది బస్తాలు మోయుచున్నవి. అది ప్రభుత్వ విధానము కల్పించిన సౌకర్యమే. కావున అదియు ఎగుమతి సబ్సిడీయే అని సంస్థ అప్పీలు మండలి 2005 ఏప్రిలులో తేల్చిచెప్పెను. 1902లో బ్రస్సెల్సున వినిపించిన న్యాయమే నూరేండ్ల పిదప జెనీవాలో మరల వినిపించినది.

ఐరోపా లోబడెను. 2006లో మొదలిడి హామీ ధరను నాలుగేండ్లలో 36 శాతము తగ్గించెను. కోటాను వదులుకొను కర్మాగారములకు పరిహారమిచ్చెను. రైతుల నష్టములో పెద్ద భాగమును నేరుగా చెల్లించెను. ఐర్లండు, లాట్వియా దేశములు చక్కెర తయారీని పూర్తిగా విడిచిపెట్టెను. 2017 సెప్టెంబరు 30తో కోటాలే అంతరించెను.

మందు చేసిన గాయము

కథ ఇచట ముగిసినచో నీతి సులభముగా ఉండెడిది. కాని ఇంకొక వర్గము కలదు. బ్రిటను ఐరోపా సమాజమున చేరిన పిమ్మట, దాని పూర్వపు వలసల చక్కెరకు దారి చూపవలసివచ్చెను. 1975 నాటి లోమే ఒడంబడికలో మారిషసు, ఫిజీ, గయానా, జమైకా మొదలగు దేశములనుండి ఏటా సుమారు 13 లక్షల టన్నుల చక్కెరను ఐరోపా హామీ ధరకే కొనుటకు అంగీకరించెను. భారతదేశముతోను అట్టి చిన్న ఒప్పందము జరిగెను. అన్నిటికంటె పెద్ద భాగము మారిషసుది. ఏ హామీ ధర బ్రెజిలు రైతును దెబ్బతీసెనో, అదే ధర మారిషసు రైతునకు అన్నము పెట్టెను.

హామీ ధర పడిపోగా ఈ దేశముల రాబడియు పడిపోయెను. 2009లో ఆ ఒప్పందము ముగిసెను. ట్రినిడాడు 2007లో చక్కెర తయారీకి స్వస్తి చెప్పెను. సెయింట్ కిట్సు ద్వీపము అంతకుముందే, 2005లో, మూడువందల యేండ్లకు పైబడిన పరిశ్రమను మూసివేసియుండెను. మారిషసు మాత్రము కర్మాగారములను కుదించి, శుద్ధిచేసిన తెల్లచక్కెరను, ప్రత్యేక రకములను తయారుచేయుచు, చెఱకు పిప్పితో విద్యుచ్ఛక్తిని పుట్టించుచు నిలద్రొక్కుకొన్నది. ఈ దేశములకు ఐరోపా సాయధనము ఇచ్చిన మాట నిజమే. కాని తన దుంప రైతునకు హక్కుగా ముట్టినది, వీరికి దయగా ముట్టెను. విధానమును నిర్మించినప్పుడు వీరిని అడిగినవారు లేరు. కూల్చినప్పుడును అడిగినవారు లేరు.

బోనులో భారతదేశము

ఈ చరిత్రను పరుల తప్పుల పట్టికగా చదివి పుస్తకము మూయుటకు వీలులేదు. భారత ప్రభుత్వము చెఱకునకు కనీస ధరను ఏటేట నిర్ణయించుచున్నది. 2018 నాటికి దేశమున చక్కెర పేరుకుపోయెను. కర్మాగారములు రైతులకు బాకీపడెను. చక్కెరను పరదేశములకు పంపుటకు 2019-20 సంవత్సరమున ప్రభుత్వము టన్నుకు 10,448 రూపాయల సాయమును ప్రకటించెను. బ్రెజిలు, ఆస్ట్రేలియా ఫిర్యాదుదారులుగా మరల వచ్చెను; గ్వాటెమాలా వారితో కలిసెను. 2021 డిసెంబరున తీర్పు భారతదేశమునకు ప్రతికూలముగా వెలువడెను. భారతదేశము అప్పీలు చేసెను. కాని సభ్యుల నియామకమును అమెరికా అడ్డగించుటచే అప్పీలు మండలి 2019 డిసెంబరునుండియే పనిచేయుట మానియుండెను.

ఐరోపా రైతుతో భారత రైతును సరిపోల్చుట తగదని వాదింపవచ్చును. ఆ వాదమున బలమున్నది. కొలది ఎకరముల చెఱకుపై బ్రదుకువానికి, బ్యాంకు నిల్వగల దుంప రైతునకు పోలిక లేదు. కాని లోకవిపణిలో ధర పడినప్పుడు నష్టపోవు గ్వాటెమాలా కూలివానికి, ఆ చక్కెర ఏ బీదవాని పొలమునుండి వచ్చినదో విచారించుటకు తీరిక యుండదు. 1899లో బహుమానపు చక్కెరపై సుంకము వేసిన దేశమే, 2019లో ఎగుమతి సాయము గూర్చి సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చినది.

2024లో ఐరోపా నగరముల వీథులను రైతులు ట్రాక్టరులతో నింపిరి. ఉక్రెయినునుండి సుంకము లేక వచ్చుచున్న సరకు వారి ఫిర్యాదులలో నొకటి. ఆ యేడాదియే ఉక్రెయిను చక్కెరకు హద్దు మరల విధింపబడెను. ధాన్యము ధర, పాల ధర, చక్కెర ధర అను వార్తలు ముందును వచ్చుచునే యుండును. అట్టి వార్త చదివినప్పుడు విద్యార్థి వేసికొనదగిన ప్రశ్నలు మూడు. ఈ హామీకి సొమ్ము చెల్లించువారెవరు? మిగిలిన సరకు ఎవరి సంతకు పోవును? రేపు ఈ ఏర్పాటును మార్చినచో సర్దుకొనుటకు గడువు ఎవరికి దొరకును, ఎవరికి దొరకదు? మొదటి ప్రశ్నను ప్రభుత్వములు బడ్జెటు దినమున అడుగును. రెండవదానిని న్యాయవేదికలు అడిగినవి. మూడవదానిని అడుగువారు అరుదు. సెయింట్ కిట్సున 2005లో ఆగిపోయిన చెఱకు గానుగలు ఆ మూడవ ప్రశ్ననే మిగిల్చినవి.