ఆటగాళ్ళ శ్రేణికి ఒక ఇల్లు

ఇల్లు కట్టదలచినవాడు ముందుగా గోడలకు వేయవలసిన రంగును గూర్చి ఆలోచించడు. కాని, ఆన్‌లైన్ ఆటలాడే యువకులు పదిమంది చేరి తమ బృందానికి అంతర్జాలంలో ఒక నెలవు ఏర్పరచుకొనదలచినప్పుడు మాత్రం రంగుతోనే ఆరంభించడం పరిపాటి. బృందానికి వినగానే గుండె జల్లుమనే ఒక పేరు, ఆ పేరుకు తగిన ఒక చిహ్నం - రెక్కలు విప్పిన గద్దో, కోరలు చూపే తోడేలో - గెలిచిన పోరాటాల దృశ్యాలు, ఎవరెన్ని గెలిచారో తెలిపే పట్టిక, కబుర్లు చెప్పుకొనడానికొక చావడి: ఇవి సమకూడితే ఇల్లు పూర్తి అయినట్లే ఎంచుతారు. కొన్నాళ్ళకు ఆ ఇంటిలో దీపం పెట్టేవాడు కూడ మిగలడు. అప్పుడు, కుర్రకారుకు నిలకడ లేదని పెద్దలు తీర్పు చెబుతారు. లోపం నిలకడలో కంటె పథకంలో ఎక్కువగా ఉన్నది.

ఇట్టి బృందాన్ని ఆటగాళ్ళు ‘గిల్డ్’ అంటారు. ఐరోపాలో మధ్యయుగాల చేతిపనివారికి, వర్తకులకు ఉండిన సంఘాల పేరు అది. మాట కొత్తదైనా వస్తువు తెలుగుదేశానికి కొత్తది కాదు. శ్రేణి, నిగమం అన్న మాటలు ప్రాచీనములు; నకరం, పెక్కండ్రు అన్నవి కాకతీయుల కాలపు శాసనాలలో వర్తక సంఘాలకు వాడిన మాటలు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో బయల్పడిన ధాతుకరండాల మీద ‘నెగమ’ సభ్యుల పేర్లు, ‘గోఠి’ సభ్యుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నవి. రెండు వేల ఏండ్లకు పైబడిన ఆ సంఘాలు తమను గూర్చి రాతి మీద మిగిల్చినది తమ చిహ్నం కాదు, సభ్యుల జాబితా.

ఇంటికి పునాది అదే. ఎవరు సభ్యులు, ఎప్పుడు చేరారు, ఎవరు ఏ బాధ్యత వహిస్తున్నారు అనే చిట్టా లేని బృందం సంతలో తారసిల్లిన గుంపు వంటిది. ఆటలోనే ఆ జాబితా ఉన్నది గదా అని కొందరంటారు. ఉన్నది, ఆట ఉన్నంతవరకే. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్జీ ఆటను నిషేధించింది. అక్టోబరు 30తో దేశంలో ఆ ఆట నిలిచిపోయింది. 2021 జూలైలో మరొక పేరుతో అది తిరిగి వచ్చేవరకు ఎనిమిది నెలలు గడిచినవి. తిరిగి వచ్చినది కూడ 2022 జూలైలో అంగళ్ళ నుండి తొలగింపబడి, 2023 మే నెలలో గాని మరల కనబడలేదు. పరదేశాలలోనూ ఇంతే. అమెరికాలో ఎనిమిదేండ్లు సాగిన ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఆటను దాని యజమానులు 2012 నవంబరు 30న మూసివేశారు. పరిచయమంతా ఆట లోపలనే పెట్టుకొన్నవారికి ఇట్టి రోజున తోడి ఆటగాని అసలు పేరైనా తెలియదు. అందుచేత శ్రేణి తన ఇంటిని ఆటకు వెలుపల, మరొకరి దయ మీద ఆధారపడని చోట, కట్టుకొనవలె.

వెలుపల నిలిచిన సంఘానికి ఉదాహరణ కావలసివస్తే, కామవరపుకోటవారు దూరం పోనక్కరలేదు. ఆ మండలంలోనే, జీలకర్రగూడెం వద్ద, గుంటుపల్లి గుహలున్నవి. క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు ఆ కొండలో గదులు తొలిపించుకొని, రాతిలో చెక్కిన గుండ్రని చైత్యంలో కొలువుదీరారు. భిక్షువులకు, సెల్‌ఫోన్ వీరులకు పోలికేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. పోలిక వ్రతంలో కాదు, ఏర్పాటులో. వేర్వేరు ఊళ్ళ నుండి, వేర్వేరు కులాల నుండి, బంధుత్వం లేనివారు వచ్చి ఒక కప్పు కింద కలసి ఉండడానికి ఏమేమి కావాలో బౌద్ధసంఘం మిక్కిలి శ్రద్ధతో ఆలోచించింది. ఆ ఆలోచనయే వినయపిటకం. అందులో నియమాలు వ్రాసిపెట్టి ఊరకుండలేదు. పక్షానికొకసారి, ఉపోసథం నాడు, అందరూ కూడి ఆ నియమాలను పైకి చదువుకొనవలెనన్నారు. భేదాభిప్రాయం వస్తే పుల్లలు పంచి మొగ్గు తెలుసుకొనే పద్ధతి పెట్టారు. రాహులునికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు శుద్ధోదనుడు దుఃఖించి అడిగిన మీదట, తల్లిదండ్రుల అనుమతి లేనిదే బాలునికి దీక్ష ఇవ్వరాదని బుద్ధుడు శాసించినట్లు ఆ పిటకమే చెబుతున్నది.

ఈ కడపటి నియమం ఆటగాళ్ళ ఇంటి గుమ్మానికి అతికినట్లు సరిపోతుంది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏండ్లు నిండనివారందరినీ బాలలుగా ఎంచి, వారి వివరాలు తీసుకొనడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలన్నది. తొమ్మిదో తరగతి పిల్లవాడు తన ఊరు, బడి, ఫోను నంబరు అన్నీ వ్రాసి చేరే ఇంటిలో ఆ వివరాలు ఎవరికి కనబడతాయి? ఎవరెవరు పిల్లవానితో ఒంటరిగా మాట్లాడవచ్చును? చేర్చుకొనే రోజుననే ఈ ప్రశ్నలు తేలాలి. చిన్నవారికి మారుపేరు చాలు. ఊరు పేరు అక్కరలేదు. పెద్దవారెవరైనా వారితో మాట్లాడదలిస్తే పదిమంది వినే చోటనే మాట్లాడవలె. గద్ద బొమ్మను చెక్కడానికి పోయే కాలంలో పదోవంతు చాలు ఈ ఏర్పాటుకు.

పోతే, శ్రేణులు చీలిపోయేది శత్రువు చేతిలో ఓడినప్పుడు కాదు. గెలిచి, సొమ్ము పంచుకొనే వేళ. కొన్ని ఆటలలో నలభైమంది గంటల తరబడి పోరాడితే దొరికేది రెండు మూడు వస్తువులు. అవి ఎవరికి? మొదటినుండి నిలబడినవానికా, మధ్యలో వచ్చి కడపటి దెబ్బ కొట్టినవానికా, నాయకుని తమ్మునికా? ‘ఎవర్‌క్వెస్ట్’ అనే ఆటలో 1999లోనే ఒక గిల్డ్‌వారు దీనికొక లెక్క కనిపెట్టారు. పోరాటానికి హాజరైన ప్రతివాని పేరున కొన్ని అంకెలు జమ వేస్తారు. వస్తువు తీసుకొన్నవాని పేరున ఖర్చు వ్రాస్తారు. ‘డ్రాగన్ కిల్ పాయింట్స్’ అని దానికి పేరు. అనంతరం ఎన్నో ఆటలకు ఆ పద్ధతి పాకింది. దీనిలో మహత్తేమీ లేదు. పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా అని వేటకు పోకముందే నిర్ణయించుకొనే తీరాంధ్రపు జాలరులకు ఈ విద్య తాతల నాటిది. ఇందులో కీలకం ‘ముందే’ అనే మాట. చేపలు పడిన తరువాత వాటాలు మాట్లాడుకొనే పడవ మరునాడు వేటకు పోదు.

నేడు ఈ పంపకం ఉత్తుత్తి కత్తులతో ఆగడం లేదు. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం ఇ-స్పోర్ట్స్‌ను యువజన, క్రీడల శాఖ పరిధిలో చేర్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం పందెపు ఆటలను నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహింపదగినవిగా విడదీసింది. పోటీలో నెగ్గితే నిజమైన రూపాయలు వస్తాయి. అవి ఒక్కరి ఖాతాలోనే పడతాయి. ఆ ఒక్కరు ఎవరో, తక్కిన నలుగురికి ఎన్ని రోజులలో ఎంత చేరవలెనో, అభ్యాసానికి వచ్చి పోటీలో కూర్చొనని ఐదవవానికి ఏమైనా ఉన్నదో లేదో - ఇంటి గోడ మీద అందరికీ కనబడేటట్లు ఉండవలె. (పందెం ఆటలకు మాత్రం ఆ ఇంటిలో తలుపే ఉండరాదు. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.) గోడ మీద వ్రాయడం చిన్న విషయం కాదు. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలిమిని లాగుకొనేవారు. కాకతి గణపతిదేవుడు 1244లో, ఇక మీదట నియతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని అభయమిచ్చి, ఆ శాసనాన్ని మోటుపల్లి రేవులోనే చెక్కించాడు. రాజధానిలో చెక్కిస్తే ఓడవారికేమి తెలుస్తుంది?

తాళపుచెవి సంగతి ఇంకను క్లిష్టమైనది. ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆటలో వేలాది ఆటగాళ్ళ కూటమి ఒకటి ఏండ్ల తరబడి గొప్ప బలంతో వెలిగింది. 2009 ఫిబ్రవరిలో దాని పెద్దలలో ఒకడు శత్రుపక్షానికి ఫిరాయించి, తనకున్న అధికారంతో కూటమినే రద్దు చేశాడు. తెల్లవారి చూచుకొనేసరికి పేరు కూడ మిగలలేదు. యుద్ధంలో ఎవరూ చేయలేనిది ఒక్క మీట చేసింది. ఆ ద్రోహిని తిట్టినవారు అనేకులు. కాని అంతటి మీటను ఒక్కని వేలి కింద ఉంచిన పథకాన్ని తిట్టవలసి ఉండినది. సభ్యుని వెలివేయడానికి, ఉమ్మడి సొమ్ము తీయడానికి, ఇంటిని మూయడానికి ఇద్దరు పెద్దల సమ్మతి కావలెనంటే కొంత ఆలస్యమవుతుంది, నిజమే. కొన్ని పనులు ఆలస్యం కావడమే మంచిది.

కబుర్ల చావడిని గూర్చి ఇంతవరకు చెప్పకపోవడం మరపు కాదు. అది ఎట్లాగూ ఏర్పడుతుంది. నలుగురు తెలుగువారు చేరిన చోట దానికి పథకం అక్కరలేదు. పైగా చావడిలో మాట ఏటి నీరు వంటిది. నిన్న సాయంత్రం అనుకొన్న నిర్ణయం ఈ ఉదయానికి వేయి మాటల కింద మునిగిపోతుంది. చావడిలో తేల్చిన దానిని ఎత్తి చిట్టాలో పెట్టే మనిషి ఒకడుండవలె. కార్యదర్శి అనండి, లేఖకుడనండి. మంచి గురి ఉన్న ఆటగాని కంటె శ్రేణికి అతడే ఎక్కువ అవసరం. అతనికి పట్టికలో స్థానముండదు గనుక, అతడు దొరకడమూ కష్టమే.

బడి పంతుళ్ళకు ఇందులో పని ఉన్నదా అంటే, ఉన్నది. ఆటలు మానుమని చెప్పడం తేలిక, విన్నవారు తక్కువ. అంతకంటె, శ్రేణి నియమాలను తెలుగులో వ్రాసి తెమ్మని అడిగి చూడవచ్చు. ‘సభ్యులందరు మర్యాదగా మెలగవలె’ అని మొదట వ్రాసుకొని వస్తారు. మర్యాద తప్పితే ఏమి చేస్తారు, ఎవరు చేస్తారు, ఎన్నాళ్ళు చేస్తారు అని అడిగితే, ‘తోటివానిని తిట్టినవానిని ఏడు రోజులు ఆటకు పిలువరు, ఆ నిర్ణయం ఇద్దరు పెద్దలు కలసి చేయవలె, తిట్టినవాని మాట ముందు వినవలె’ అనేదాకా వస్తారు. వ్యాసరచన పాఠంలో ఇంతకంటె గట్టి అభ్యాసం దుర్లభం. పనిలో పనిగా, పోరాటాల దినసూచికలో మార్చి నెల పరీక్షల కాలమని ముందే గీత గీయించవచ్చును. రాత్రి ఏ గంట తరువాత పోరాటం మొదలుపెట్టరాదో వ్రాయించవచ్చును. పరీక్షకు చదువుకొంటూ రానివాని పేరున అంకెలు తగ్గవని కూడ అందులో ఉండవలె. లేకపోతే దినసూచిక గీత ఒకటి చెబుతుంది, లెక్క మరొకటి చెబుతుంది. పిల్లవాడు లెక్కనే నమ్ముతాడు.

ఇక విడిచిపోయేవాని విషయం. ఎంత మంచి శ్రేణినైనా ఎవరో ఒకరు విడిచిపోతారు: పై చదువులకు భీమవరమో, హైదరాబాదో పోతారు, ఉద్యోగం వస్తుంది, విసుగు పుడుతుంది. పోయినవాని పేరును కొట్టివేయడం సర్వసాధారణంగా జరుగుతున్న అన్యాయం. అతడు జమ చేసిన అంకెలకు గతి ఏమిటి, అతని వివరాలు ఎవరు చెరిపివేస్తారు, అతడు చేసిన మేలు ఎక్కడ మిగులుతుంది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఫోను నంబరు చెరపవలె, పేరు ఉంచవలె. గుంటుపల్లిలో రాజు శిరిసదుని వద్ద లేఖకుడైన చులగోముడు భిక్షుసంఘానికి ఒక మండపం దానం చేశాడు. ఆ దానశాసనాన్ని ఒక్క స్తంభం మీదనే చెక్కించి తృప్తిపడలేదు. అవే మాటలు వేర్వేరు స్తంభాల మీద ఉన్నవి. వ్రాతపని చేసేవాడు గనుక ప్రతి విలువ ఎరిగినవాడు. ఆటగాళ్ళ చిట్టాకు కూడ మూడు ప్రతులుండవలె: ఒకటి ఇంటిలో, ఒకటి నాయకుని వద్ద, మరొకటి నాయకుడు కాని సభ్యుని వద్ద. ఆ మూడవది నోటుపుస్తకంలో చేతితో వ్రాసుకొన్నదైనా సరిపోతుంది.